ఒప్పుకున్న లోపం

శుద్ధ విదియ

గోడదిగువ పుర ప్రజలందరికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నేటి నుంచి గురువులు మైకుసెట్ల కొట్టులో అమ్మకానికి ఉంచిన బాక్సుల నెత్తిన టీ గ్లాసులు పెట్టరాదు. బజ్జీలు తిన్న చేతితో నాబ్‌లు తిప్పరాదు. పాట విని చూస్తామని కూర్చొని కునుకు తీసినవారు తమ గురకను స్పీకరు చప్పుడుగా భావించి సరుకు మీద అభాండం వేయరాదు. ఈ ఉత్తర్వును మీరినవారి చిన్ననాటి వెక్కిరింపు పేరును నాలుగు హారన్లలో వీధి చివరి దాకా వినిపించడమగును. ఇట్లు, ఏడో తరగతి మూడుసార్లు చదివిన గురువులు, పాత సామాను విక్రేత, చేతిరాత లైసెన్సుదారు.

పొద్దున్నే దీన్ని పలక మీద రాసి కొట్టు ముందు వేలాడదీశాను. మధ్యాహ్నానికి కింద ఎవరో "బుడంకాయ" అని రాసిపోయారు. నా చిన్ననాటి పేరు అదే. నాకు దీటైనవాడొకడు ఈ వీధిలో ఉన్నందుకు సంతోషించాను.

ఇది నా ఆటల పుస్తకం. ఎవరిని ఎలా ఏడిపించానో ఇందులో రాసుకుంటాను. తనిఖీ ఆఫీసరు కాశీపతి గారికి చూపించే పుస్తకం వేరే ఉంది. దానిలో ఏ సామాను ఎవరికి ఏ పత్రంతో అమ్మానో పద్ధతిగా ఉంటుంది, ఆయన నెలకోసారి చూసి ముద్ర వేస్తారు. మిషన్లు ఎవరి గొంతుతోనైనా మాట్లాడి, ఎవరి సంతకమైనా పెట్టేయడం నేర్చాక చేత్తో రాసిన కాగితానికే విలువ మిగిలింది. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. దాన్ని ఏ మిషనూ అనుకరించలేదని కాశీపతి గారు మెచ్చుకున్నారు. ఇదే రాతకు బడిలో నా వేళ్లు వాచాయి.

ఈ రోజు ఒక పాత ఆంప్లిఫయరు, మా భాషలో ఆంప్లి, బాగుచేయడం పూర్తయింది. బండెడు బరువు, మొద్దు సరుకు. ఏది వస్తే అది వినిపిస్తుంది. కొత్త సెట్లకు తెలివి ఎక్కువ, మనకు నచ్చని చప్పుడు తీసేసి నచ్చింది కలుపుతాయి. పక్క గదిలో పిల్ల ఏడుస్తుంటే కొత్త సెట్లో పాడుతున్నట్టు వినిపిస్తుంది. అందుకే సముద్రపు గోడను కనిపెట్టుకుని ఉండే గోడ ఆఫీసువాళ్లు కొత్తవి ముట్టుకోరు, నా కొట్టుకే వస్తారు.

తదియ

ఆంప్లికి స్థితి పత్రం రాయడానికి కూర్చొని పూట గడిపాను. వయసు రాశాను. పై రేకు మీద రెండు సొట్టలు రాశాను. ఒక నాబ్ నా కొట్లో మార్చిందని రాశాను. "లోపం" అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. లోపం లేదు. నాలుగు గంటలు ఆపకుండా నడిపి, వేడెక్కించి విన్నాను. నా చేతి మీదుగా ఇంత శుభ్రమైన సరుకు ఇంతవరకు పోలేదు.

కానీ ఆ గడి ఖాళీగా ఉంటే మా ఊళ్లో ఎవడూ కొనడు. లోపం లేదన్నవాడు ఏదో దాస్తున్నాడని లెక్క. చిన్న లోపం ఒకటి ఒప్పుకుంటే, వీడు నిజం చెప్పే మనిషి అని నమ్మి పట్టుకుపోతారు. కాబట్టి లోపం లేని సరుకుకు మేమందరం ఒకటి అల్లుతాం. అందరం అంటే, మిగతావాళ్ల సంగతి దేవుడికెరుక, నేను అల్లుతాను.

ఏం అల్లుదామా అని బయటికి చూశాను. ఎదురుగా మేస్త్రీ బండిలోంచి ఇసక దింపుతున్నాడు. రాశాను: "లోపం: అరగంట వేడెక్కాక ఇసక జారినట్టు సన్నటి జరజర. వాడకానికి అడ్డు కాదు." మళ్లీ చదువుకుంటే నాకే నిజమనిపించింది. ఇంత చక్కటి అబద్ధానికి ఒక టీ బాకీ అనుకొని కామేశు కొట్టుకు వెళ్లాను.

చవితి

గోడ ఆఫీసులో ఉన్న ఆంప్లి పొగ పెట్టేసిందట. వదిన స్వయంగా వచ్చింది.

వదిన అంటే మా అన్న భార్య నూకరత్నం. అన్న గోడ పనిలోనే పోయాడు. ఆ తర్వాత ఆమె గోడ వినే పనికి కుదిరింది. సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న ఆ గోడ కడుపులో పద్నాలుగు మైకులు దింపి ఉన్నాయి. వాటి తీగలన్నీ గోడ పాదం దగ్గర చిన్న గదిలోకి వస్తాయి. ఆ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఆమె పగలంతా గోడ వింటుంది. రాత్రి వంతు మరొకాయనది. తేడా చప్పుడు వస్తే పుస్తకంలో రాస్తారు. ఆ రాత చూశాకే ఆఫీసు సైరన్ మోగిస్తుంది, ఊరు మెట్ట మీదికి ఎక్కుతుంది. గోడ తెగితే మొదట నీళ్లు దూరేది ఆమె గదిలోకే.

"ఏటి మరిదీ, దీన్లో ఏ దెయ్యాన్ని దాసినావు?" అంది వస్తూనే.

"దెయ్యాలన్నీ నీ గదికాడే ఉన్నాయి కదొదినా. నా కొట్టుకి ఒక్కటీ రాదు."

"మీ అన్న కూడా ఇలగే వాగేవోడు. సదువు, సదువు."

ఆంప్లి మీద అరచెయ్యి ఆనించింది. కొనేవాళ్లు అలా చెయ్యి పెట్టి ఉంచాలి, నేను పత్రం పైకి చదవాలి. అది పద్ధతి. చదివాను. లోపం దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి పైకి లేచింది.

"ఇసకా?"

"ఇసకే."

"అన్ని సప్పుళ్లుండగా అదేటి మరిదీ? గోడలో ఇసక కదిల్తే ముందుగా అదే సప్పుడొస్తాది. మాకు మొదట నేర్పిందే అది."

నా నాలుక మీదికి నిజం వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. పైకి చదివిన పత్రాన్ని వెనక్కి తీసుకుంటే అది దొంగ రాత. దొంగ రాత రాసినవాడి పేరు ఆఫీసు బోర్డు మీద ఎక్కుతుంది, అతని పాత పత్రాలన్నీ ఆ రోజే చెల్లకుండా పోతాయి. ఇరవై రెండేళ్లుగా నేను అమ్మిన ప్రతి బాక్సూ జనం తెచ్చి నా గుమ్మంలో కుప్ప పోస్తారు. ఆ కుప్ప కళ్ల ముందు కనిపించింది.

"అడ్డుకాదులే వదినా," అన్నాను.

"రేపు గోడ ఇనకపోతే ఎలగ? సర్లే." చెయ్యి మళ్లీ ఆనించింది. "ఒప్పుకున్నాను."

ఒప్పుకున్న లోపం కొన్నవాళ్లది. దాని మీద ఇక ఫిర్యాదు ఉండదు. గోడ పుస్తకంలో కూడా ఆ చప్పుడు రాయకూడదు. రాస్తే సామాను దగ్గినప్పుడల్లా ఊరు మెట్ట ఎక్కాల్సి వస్తుందని రూలు. పత్రాన్ని ఆంప్లి మూత మీద అతికించి ఇచ్చాను. ఇద్దరు వినేవాళ్లూ దాన్ని చూసే కూర్చుంటారు.

ఆమె వెళ్లాక ధైర్యం చెప్పుకున్నాను. లేని చప్పుడు ఎవరికీ వినిపించదు. వినిపించకపోతే చిక్కే లేదు.

సప్తమి

వదిన పని నుంచి ఇంటికి పోతూ వీధిలోంచే కేకేసింది.

"మరిదీ, నీ ఇసక వొచ్చినాదిరోయ్."

నేను సీసం అంటిస్తున్నాను. చెయ్యి కాలింది.

"మూడ్రోజులు ఏటీ నేదు. నీ రాత తప్పిపోనాదనుకున్నాను. ఇయాల మజ్జేన్నం మొదలెట్టినాది, సన్నగా, అలగే. ఎంతైనా నీ నోరు ఎదవది గానీ నీ కాయితం మంచిది."

"ఏ మైకులో వొస్తంది?" అన్నాను మామూలుగా అడిగినట్టు.

"తొమ్మిదిలో ఎక్కువ. పదిలో కొంచెం. మిగతావాటిల్లో నేదు. ఏం?"

"ఏం నేదు. ఊరికే."

ఆమె వెళ్లిపోయింది. ఆమెకు వినడం తెలుసు, పెట్టె లోపల ఏముందో తెలియదు. నాకు తెలుసు. ఆంప్లిలో లోపముంటే పద్నాలుగు తీగల్లోనూ ఒకేలా రావాలి. ఒక్క తొమ్మిదిలో వస్తోందంటే అది తొమ్మిది దగ్గరున్న చప్పుడు.

ఆంప్లి నుంచి తీగలు పీకేసి వింటే నిమిషంలో తేలిపోతుంది. కానీ తీగలు ఆంప్లికి కలిసే ముడికి ఆఫీసు లక్క ముద్ర ఉంటుంది. ముద్ర విప్పాలంటే కారణం రాసివ్వాలి. కారణం రాస్తే నా కథ ముగుస్తుంది.

ఒకవేళ నిజంగానే ఆంప్లిలో ఏదో పోయిందేమో. దారిలో కుదుపుకు ఏదైనా ఊడిందేమో. ఇలాంటివి చాలాసేపు అనుకున్నాను. ఏదీ అతకలేదు.

నవమి

కామేశు టీ ఉప్పగా ఉందని పొద్దున్నే వీధంతా నా మీదికి వచ్చింది. రెండేళ్ల కిందట అతని పంచదార డబ్బాలో ఉప్పు కలిపింది నేనే. పోయినేడు మళ్లీ కలిపింది కూడా నేనే. కాబట్టి వాళ్లను తప్పుపట్టలేను.

"వయసొచ్చినాది, సిగ్గు రానేదు నీకు," అన్నాడు కామేశు. "డబ్బా మూడుపాలీలు కడిగినాను. ఇంకా ఉప్పే."

"డబ్బా కడిగితే పోద్దేటి? గురువులుని కడగాల," అన్నారు వెనక నుంచి. నవ్వులు.

ఉప్పు నేను వేయలేదు. బోరింగు దగ్గరికి వెళ్లి, దోసిట్లో నీళ్లు పట్టి నాలుకకు తగిలించాను. నీళ్లే ఉప్పగా ఉన్నాయి. తర్వాత అందరూ చూస్తుండగా వెనక్కి వచ్చి చేతులు జోడించాను.

"నానే. నానే యేసినాను. బోరింగు మూతికి ఉప్పు మూట కట్టినాను. తీసేసినాను, రేపటికి సరైపోతాది."

తిట్టారు, నవ్వారు, వెళ్లిపోయారు. కామేశు వారం రోజులు నాకు టీ లేదన్నాడు. ఇన్నేళ్లలో నేను చేయని చిలిపి పని ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. నేను చేసినవేవీ ఇంత తేలిగ్గా నమ్మలేదు జనం.

ఏకాదశి

వదిన వచ్చింది. నెత్తళ్ల చేపల వేపుడు డబ్బా బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడింది.

"అరగంట యేడెక్కినాక అని రాసినావు. ఇయాల పెట్టీ పెట్టగానే వొచ్చినాది. సల్లగా ఉన్నప్పుడే. అదేటి?"

ఆమె అడిగింది అనుమానంతో కాదు. పత్రంలో లేనిది జరిగితే అమ్మినవాడిని అడగాలి, అందుకే అడిగింది. అది పత్రంలోని లోపం కాదని నేనంటే చాలు, ఆ రోజే పుస్తకంలో రాసేది. సాయంత్రానికి ఊరు మెట్ట మీద ఉండేది.

"పాత సరుకు కదొదినా. లోపం ముదురుతాది," అన్నాను.

"ముదిరితే కాయితంలో ఎక్కాల కదా."

పత్రం పట్టుకొచ్చింది మనిషి. ఆంప్లి మూత మీద నుంచి చింపకుండా ఊడదీసి, మడతపెట్టి రవికలో దాచి తెచ్చింది. అందులో నా అక్షరాల కింద ఇంకో వాక్యం రాశాను: "లోపం ముదిరినది. చల్లగా ఉన్నప్పుడు కూడా వచ్చును." అక్షరాలు ఎప్పటికన్నా గుండ్రంగా పడ్డాయి.

పైకి చదివాను. ఆంప్లి ఎదురుగా లేదు కాబట్టి ఆమె కాగితం మీదే అరచెయ్యి పెట్టింది.

"ఒప్పుకున్నాను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంటికాడ అన్నం తింటన్నప్పుడు కూడా సెవిలో అదే మరిదీ. మీ అన్న ఉంటే అడుగుదును, ఇది ఏ సప్పుడో సెప్పమని," అంది.

ఆమె వెళ్లాక నేను వేపుడు డబ్బా మూత తీయలేదు.

ద్వాదశి

ఈ రోజు గోడ దగ్గరకు వెళ్లి వదినకు అంతా చెప్పేశాను.

ఆమె హెడ్‌ఫోన్లు మెడకు వేసుకొని కూర్చుని ఉంది. "వదినా, ఆ లోపం లేదు. నేను కల్పించి రాశాను. నీకు వినిపించేది గోడ," అన్నాను. ఆమె నా మొహం చూసి పగలబడి నవ్వింది.

"నీ నోటిమాట నమ్మితే నాను ఎప్పుడో ఎర్రిదాన్నయిపోదును. నాకు మూడు కాళ్ల కోడిని అమ్మబోయినోడివి నువ్వు. నువ్వు రాసింది నిజం, అన్నది ఎగతాళి. ఎల్లు, పని సూసుకో."

"ఒట్టు వదినా. కావాలంటే రాసిస్తాను."

"రాయక్కర్నేదు. నా సెవులు నాకున్నాయి. ఇది సామాను సప్పుడే."

రెండుసార్లు బతిమాలాను. హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది. ఇక నేనేం చేయగలను? నా వంతు నేను చేశాను. విననిది ఆమె.

త్రయోదశి

కొట్టు నేల తడిగా ఉంది. తుడిచాను. మళ్లీ తడి.

చతుర్దశి

కాశీపతి గారు గొడుగు ముడుచుకొని కొట్లోకి వచ్చారు. నెలాఖరు కాలేదు, ముద్ర వేసే రోజు కాదు. రేపు పున్నమి, సముద్రానికి పెద్ద పోటు కనుక తెల్లవారుజామున, రాత్రి వంతు ఆయన ఉండగానే గోడ గది చూడ్డానికి వెళ్లారట. ఆంప్లి మూత మీద నా పత్రం చదివారట, చప్పుడు తొమ్మిదిలోనే ఎక్కువని రాత్రి వంతు ఆయన చెప్పారట.

"ముదిరినది అని రాశావు. పది రోజుల్లో అంతలా ముదిరిందా?"

"పాత సరుకండి."

"ఊఁ." ఆయన బల్ల మీద చూపుడు వేలితో గీతలు గీస్తూ నిలబడ్డారు. "నాకు మనసొప్పడం లేదు గురువులూ. రేపు పోటుకి ముందు గోడ అవతల నలుగురిని నీళ్లలోకి దింపి తొమ్మిదో నంబరు దగ్గర చూపిద్దామనుకుంటున్నాను. నువ్వు ఆవిడతో మాట్లాడావా?"

"మాట్లాడానండి. మొన్న ద్వాదశి నాడు వెళ్లాను."

"ఏమంది?"

"సామాను చప్పుడే అందండి."

"అడిగి మరీ చెప్పించుకున్నావా?"

"రెండుసార్లు అడిగానండి."

ఆయన మొహం తేరుకుంది. నా పద్ధతి పుస్తకం తీయించి, అదే మాట అందులో రాయమన్నారు. రాశాను: "ద్వాదశి నాడు గోడ గదికి వెళ్లి కొన్నవారితో మాట్లాడితిని. చప్పుడు యంత్రానిదేనని ఆమె రెండు పర్యాయములు చెప్పినది." ఆయన పక్కన ముద్ర వేశారు.

"గోడకి చెవి ఆవిడే. ఆవిడ కాదన్నాక మనం ఎవరం? ఆ నలుగురినీ ఊరికే ఉప్పునీళ్లలో ముంచడం దేనికి," అన్నారు. గొడుగు విప్పుకొని వెళ్లిపోయారు.

ఆయన మలుపు తిరిగేదాకా పిలవడానికి సమయం ఉంది. లెక్కపెట్టాను. నలభై అడుగులు.

పున్నమి, పొద్దున్న ఆరున్నర

పెద్ద పోటు పది గంటలకు. వదిన ఆరింటికే గదిలోకి దిగి ఉంటుంది. దారిలో నన్ను చూసి చెయ్యి ఊపింది.

ఈ పేజీ చించి కాశీపతి గారి చేతికి ఇవ్వడానికి రాస్తున్నాను. నోటితో చెబితే ఆయనా నవ్వుతారు, లేదా ముద్ర వేసిన పుస్తకం తీసి చూపిస్తారు. ఈ కోడి గెలుకుడు ఎవరిదో ఆయనకు తెలుసు.

కాశీపతి గారూ, నా లైసెన్సు తీసుకోండి. పేరు బోర్డు మీద రాయించండి. ముందు సైరన్ మోగించండి, తర్వాత నన్ను తిట్టండి. ఆంప్లిలో ఏ లోపమూ లేదు, ఎప్పుడూ లేదు. ఇసక జరజర తదియ నాడు నేను అల్లింది. దాని కింద రాసిన ముదరడం కూడా నేను అల్లిందే. ఈ రెండూ నా ఆటల పుస్తకంలో మొదటి నుంచీ దాచకుండా రాసే ఉంచాను. దాచింది ఇంకొకటి ఉంది. మీరు మనుషులను దింపకుండా ఆగిపోయింది దాన్ని నమ్మే కనుక అది కూడా రాస్తున్నాను.

ద్వాదశి నాడు నేను గోడ దగ్గరకు వెళ్లలేదు. కొట్టు తలుపు లోపల గడియ పెట్టుకొని ఆ పేజీ రాశాను. ఎప్పుడైనా గోడ తెగితే, ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే, చెప్పినా విననిది ఆమె అనుకోవాలని రాశాను. ఆ మూడు కాళ్ల కోడి నా కల్పన. ఆమె నవ్వు నా కల్పన. నేను రెండుసార్లు బతిమాలడం అన్నిటికన్నా పెద్ద కల్పన. ఆమె ఆ మాటలేవీ అనలేదు, ఎందుకంటే ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే నవ్వేది కాదు, వెంటనే నమ్మేది. అది తెలిసే వెళ్లలేదు.